చిమ్నీల వెనక కొండ, కొండ వెనక కడలి

మల్కాపురం అనగానే విశాఖ వాళ్ళకు గుర్తొచ్చేవి హెచ్‌పీసీఎల్ చమురు శుద్ధి కర్మాగారం చిమ్నీలు, ట్యాంకర్ల బారులు, సింధియా కూడలిలో షిప్‌యార్డు షిఫ్టు వదిలే వేళ జనం. నాలుగు రోజులు సెలవు దొరికితే ఇక్కడివాళ్ళు ఊటీకో మున్నారుకో టికెట్లు చూసుకుంటారు. వెళ్ళవద్దని నేననను. కానీ వీధి చివర నిలబడితే కనబడే కొండ సంగతి తెలియకుండానే వెళ్ళిపోతున్నామే అని నాకు బెంగ. ఎరగని చోటు పాడైపోతే ఎవరికీ నొప్పి ఉండదు. అందుకని మా ఊరి కొండతో మొదలుపెట్టి, తీరం వెంట, మన్యం దాకా, పక్క జిల్లాల దాకా కొన్ని విశేషాలు ఇక్కడ పోగేశాను.

ఈ కొండ లేకపోతే రేవే లేదు

యారాడ కొండ కొస సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోటుకే డాల్ఫిన్స్ నోస్ అని పేరు. దీపస్తంభం ఉన్నది దాని మీదే. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి విరుచుకుపడే అలలకు ఈ కొండ అడ్డం. దాని చాటున ఒకప్పుడు ఉప్పుటేరు, పోటు వస్తే మునిగి పాటు వస్తే తేలే చిత్తడి నేల ఉండేవి. ఆ చిత్తడిని తవ్వి లోతుచేసి రేవుగా మలిచారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్‌డన్ రేవును ప్రారంభించాడు. రేవు ఉంది కాబట్టి 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది, 1948 మార్చిలో అక్కడ కట్టిన జల ఉష ఓడను నెహ్రూ నీళ్ళలోకి వదిలారు. 1957లో చమురు శుద్ధి మొదలైంది. కర్మాగారాలు వచ్చి ప్రకృతిని మింగేశాయని బాధపడేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. ఇక్కడ కర్మాగారాలన్నిటికీ మొదట చోటిచ్చింది ఆ ప్రకృతే. మల్కాపురం జీతాలన్నీ ఒక కొండ పెట్టిన నీడలోవి.

కోణార్కలోనూ ఇదే రాయి

విశాఖ కొండల్లో ఎక్కువగా కనబడేది ఖోండలైట్ అనే రాయి. ఎర్రటి గార్నెట్ పలుకులు అందులో మెరుస్తుంటాయి. కోణార్క సూర్యదేవాలయం కట్టింది చాలామటుకు ఈ జాతి రాయితోనే. చెక్కడానికి అనువుగా ఉంటుంది, కానీ గాలికీ వానకీ తొందరగా అరుగుతుంది. ఆ అరిగిన పలుకులే గెడ్డల్లో కొట్టుకొచ్చి తీరంలో చేరతాయి. భీమిలి వైపు ఇసుకలో ఎర్రని, నల్లని చారలు కనబడేది అందువల్లే.

ఆర్‌కే బీచ్ ఇసుక నడుస్తుంది

మన తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. అలలు ఏటవాలుగా తాకడం వల్ల ఏడాదిలో ఎక్కువ కాలం అది దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ పోతుంది. దారిలో రేవు ముఖద్వారం, దాని అలల అడ్డుకట్టలు ఎదురవుతాయి. ఇసుక అక్కడే చిక్కుకుంటుంది. చిక్కుకున్నది తీయకపోతే ఓడలకు లోతు చాలదు. అటు రేవుకు ఉత్తరాన ఉన్న ఆర్‌కే బీచ్‌కు కొత్త ఇసుక అందకపోతే పాతది కోసుకుపోతుంది. అందుకే రేవు దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లతో తోడి, గొట్టాల ద్వారా బీచ్ వైపు పోస్తుంటారు. సాయంత్రం పిల్లలు గూళ్ళు కట్టే ఇసుకలో కొంత అలా మనుషులు ఎత్తి తెచ్చిందే. తీరం మీద గోడలు, హోటళ్ళు ఇంకా ముందుకు జరుపుదామనేవాళ్ళకు ఈ లెక్క ముందు చెప్పాలి.

యారాడ అందం, యారాడ ప్రమాదం

మల్కాపురం, సింధియా దాటి కొండెక్కి దిగితే యారాడ. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఎన్ని సినిమాల్లో చూశామో. కానీ అక్కడ ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం బలమైనది. ఒడ్డుకు వచ్చిపడిన నీరంతా ఒక సన్నని దారి చేసుకుని వెనక్కి పోతుంది. అలలు విరగకుండా నున్నగా కనబడే చోటే ఆ దారి. అక్కడ దిగడం మంచిదని కొత్తవాళ్ళు అనుకుంటారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒంట్లో సత్తువ అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక వెనక్కి రావాలి. ఇది ఊళ్ళో ప్రతి బడిలో చెప్పాల్సిన పాఠం. జాలరి ఎవరైనా "ఇక్కడొద్దు బాబూ" అంటే వాదించకండి.

తాబేలు ఆడదా మగదా, ఇసుక వేడి చెబుతుంది

ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఇసుకలో గొయ్యి తీసి వందకు అటూ ఇటూ గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్ళిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. గూటిలో ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. అటవీ శాఖ వాళ్ళు, జంతు సంరక్షకులు, జాలరి యువకులు కలిసి కుక్కల నుంచి, మనుషుల నుంచి గుడ్లను కాపాడి కంచె వేసిన ఇసుకలో పొదిగిస్తారు. విశాఖలో ఈ పని ఏళ్ళ తరబడి సాగుతోంది.

పుట్టిన పిల్ల వెలుతురు ఉన్న వైపు నడుస్తుంది. మనుషులు లేనప్పుడు చీకట్లో వెలుగుగా కనబడేది సముద్రం మీది ఆకాశమే. ఇప్పుడు ఒడ్డున దీపాలు, ఫోన్ల ఫ్లాష్‌లు. తాబేలు పిల్లల్ని వదిలే రోజు చూడటానికి తప్పకుండా మీ పిల్లల్ని తీసుకెళ్ళండి, కానీ ఫోన్ జేబులోనే ఉంచండి, తాబేలు పిల్లను చేత్తో పట్టుకోకండి. ఇవి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు విహారానికి వచ్చి, పెద్ద వంజరం కావాలని హోటల్లో పట్టుబట్టడం తగదు.

ఖాళీ గవ్వకు కిరాయిదారు ఉంటాడు

పాటు సమయంలో జోడుగుళ్ళపాలెం, రుషికొండ వైపు రాళ్ళ మధ్య చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. వంగి చూస్తే సముద్రపు పూలు, నక్షత్ర చేపలు, రాతి రంగులో కలిసిపోయిన పీతలు. సన్యాసి పీతకు పొట్ట భాగం మీద గట్టి డిప్ప ఉండదు. ఖాళీ గవ్వలో దూరి బతుకుతుంది, పెరిగినకొద్దీ పెద్ద గవ్వలోకి మారుతుంది. మనం సంచి నిండా ఏరుకొచ్చి షోకేసులో పెట్టేవి దాని ఇళ్ళు. బతికున్న నక్షత్ర చేపను ఫోటో కోసం నీళ్ళలోంచి తీయడం మరీ అన్యాయం.

ఒకసారి వచ్చిన నీలి జెండా అలాగే ఉండిపోదు

డెన్మార్క్ కేంద్రంగా ఉన్న సంస్థ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో వచ్చింది. నీటి నాణ్యత, భద్రత, పరిశుభ్రత, అవగాహన అన్నీ కలిపి 33 నిబంధనలు. 2025 మొదట్లో శుభ్రత సరిగా లేదని, వీధి కుక్కలు తిరుగుతున్నాయని ఆ జెండా తాత్కాలికంగా దించాల్సి వచ్చింది. లోపాలు సరిదిద్దాక తిరిగి దక్కింది. పోవడమే మంచిదైందని నేను అనుకుంటాను. నిర్వహణ అనేది ఉందని అప్పుడే కదా చాలామందికి తెలిసింది.

మంచు యుగం నాటి ఇసుక

భీమిలికి ఇవతల ఎర్ర మట్టి దిబ్బల్ని పాటల చిత్రీకరణలో చూడని తెలుగువాడు లేడు. అవి మట్టి కావు, ఇసుక. గత మంచు యుగంలో భూమి మీది నీరు ఎంతో మంచుగా గడ్డకట్టి, సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. తీరం ఎక్కడో దూరాన. బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి పోసింది. తర్వాత వేల ఏళ్ళ వానలకు, ఎండలకు ఇసుకలోని ఖనిజాలు కరిగి ఇనుము తుప్పు పట్టి ప్రతి రేణువుకూ ఎర్ర పూత పూసింది. ఆ దిబ్బల్ని మళ్ళీ వాన నీరే కోసి గెడ్డలుగా చీల్చింది. ఇటువంటి ఎర్ర ఇసుక తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో ఉంది.

సముద్రం ఎప్పుడు దిగింది, ఎప్పుడు ఎక్కింది, వానలు ఎప్పుడు మారాయి అనే లెక్కలు ఈ పొరల్లో చదువుతారు. వాతావరణం ఎటు పోతుందోనని లోకమంతా బెంగపడుతున్న ఈ రోజుల్లో ఇవి ఎంత విలువైనవో వేరే చెప్పాలా? 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2024లో దిబ్బల పక్కనే యంత్రాలతో నేల చదును చేసే పనులు మొదలై గగ్గోలు పుట్టింది, ఆపించాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఆ జాబితాలో కనీసం ఏడాది ఉంటేగాని అసలు గుర్తింపుకు ప్రతిపాదన పంపకూడదు. ఈ లోపల మనం చేయగలిగింది చిన్నదే. ఇది గట్టిపడని ఇసుక. అంచు మీద నిలబడి గెంతితే పెళ్ళలు రాలతాయి. పేరు చెక్కితే తర్వాతి వాన ఆ గీతలోంచే కోస్తుంది. ఏర్పడిన బాట వెంట నడిచి, గెడ్డ అడుగు నుంచి చూడండి. అందం అక్కడి నుంచే ఎక్కువ.

రాత్రంతా 32 కిలోమీటర్లు

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ లక్షల మంది నడుస్తారు. గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, తీరం దాకా వచ్చి, మాధవధార మీదుగా తిరిగి కొండ దగ్గరికి. కొండను దేవుడిగా చూసి, దాని చుట్టుకొలతను పాదాలతో తెలుసుకునే యాత్ర ఇంతకన్నా గొప్పది ఏముంటుంది? దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్ళు పంచే చేతులు. తెల్లారేసరికి దారి పొడవునా పేపరు కప్పులు, ప్లేట్లు. పారిశుధ్య కార్మికులు రెండో ప్రదక్షిణ చేసినంత పని. చెంబో సీసానో వెంట తీసుకెళ్ళే అలవాటు మన తాతలకు ఉండేది.

నగరం నడుమ చిరుతపులి

జాతీయ రహదారి పక్కనే కంబాలకొండ అభయారణ్యం, సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం రాజుల అధీనంలో ఉన్న అడవి. చిరుతలు, కణుజులు, అలుగులు ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు స్పీకర్ పెట్టె ఇంట్లో వదిలి వెళ్తే పక్షులు కూడా వినిపిస్తాయి.

ఇనుప రాయి కోసం వేసిన దారి

కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం పర్యాటకుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేశారు. యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది, బ్రాడ్‌గేజ్ మీద దేశంలోకెల్లా ఎత్తైనదిగా చాలాకాలం పేరు. 2017 ఏప్రిల్‌లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక ఈ దారే ఒక విహారం అయింది. తూర్పు కనుమల అతి ఎత్తైన శిఖరాలు, 1,680 మీటర్లు, ఆపైన ఎత్తున్నవి, ఉన్నది ఈ దారి దాటే అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే.

బొర్రా గుహల్ని ఎవరు కనిపెట్టారు?

1807లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో! తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ గుహలోకి దిగి శివలింగాన్ని చూసిన కాపరి కథ అక్కడి గిరిజనులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నన్నడిగితే ఆ కాపరికే పేరు దక్కాలి.

సున్నపు నీరు చుక్క చుక్కగా కారి ఈ రాతి జడలు కట్టింది. ఏడాదికి పెరిగేది మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతం. చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగా పట్టదు, పెరుగుదల ఆగుతుంది. "ముట్టుకోవద్దు" అన్న బోర్డు వెనక ఉన్న కారణం ఇది. గుహ బయట కోతులకు చిప్స్ పెట్టడం కూడా మానాలి. అవి అడవిలో పండ్లు వెతకడం మరిచి మనుషుల సంచుల మీద పడుతున్నాయి.

బొర్రా పంచాయతీకి మరో ఘనత ఉంది. ఇక్కడి గిరిజన భూముల్లో ప్రైవేటు గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1997 జులై 11న వచ్చిన తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. దేశమంతటా ఆదివాసులు ఆ తీర్పును ఉదహరిస్తారు. దానికి ముందే ఉన్న 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. కాబట్టి అరకులో గది తీసుకునే ముందు ఆ బస ఎవరిదని అడగడం మన హక్కు, మన బాధ్యత కూడా. గోదావరి మన్యంలో మారేడుమిల్లి దగ్గర వన సంరక్షణ సమితి గిరిజనులే నడిపే విడిది ఉంది. అలాంటివి పెరగాలి.

వలిసె పూలు ఎవరో వేసిన పంట

అక్టోబరు, నవంబరులో అరకు పసుపు పచ్చగా మారేది వలిసె పూలతో. అది నూనె గింజల పంట, ఉద్యానవనం కాదు. తేనెటీగలు వాలితేనే గింజ కట్టే మొక్క. ఫోటో కోసం చేలోకి దిగి పడుకునేవాళ్ళు తొక్కేది ఒక ఇంటి ఏడాది ఆదాయం. కొందరు రైతులు చిన్న రుసుము తీసుకుని ఒక పక్కకు వదులుతున్నారు. బేరమాడకుండా ఇవ్వండి.

అలాగే బొంగులో చికెన్. దానికి పచ్చి వెదురే కావాలి, ఒకసారి కాల్చిన బొంగు మళ్ళీ పనికిరాదు. రోడ్డు పొడవునా ఎన్ని దుకాణాలు, వారాంతాల్లో ఎన్ని బొంగులు! వెదురు పెంచి, నరికిన చోట మళ్ళీ నాటే ఏర్పాటు ఈ రుచితోపాటు ఉండాలి.

కాఫీ సంగతి హాయిగా చెప్పుకోవచ్చు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పెద్ద చెట్ల నీడలో, మిరియాల తీగలతో కలిపి పెంచుతారు గనుక అడవి నిలుస్తుంది. పోడు కొట్టే అవసరం తగ్గింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దుకాణంలో కాఫీ, తేనె కొంటే డబ్బు చేరాల్సిన చోటుకు చేరుతుంది.

చేపలు పట్టని మడుగు

పాడేరు ప్రాంతంలో మత్స్యగుండం అనే చోట గెడ్డ నిండా పెద్ద పెద్ద చేపలు. గిరిజనులు వాటిని దైవంగా భావించి పట్టరు. వల లేని చోట చేప ఎంత పెరగగలదో చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. మరమరాలు కొని చల్లడం ఇప్పుడు రివాజు. పాలిథిన్ సంచితో సహా చల్లేవాళ్ళను చూస్తే మాత్రం కోపం ఆగదు.

మేఘాల కింద ప్లాస్టిక్

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీంచి తెల్లవారుజామున మేఘ సముద్రం కనిపిస్తుందని ఫోన్లలో వీడియోలు తిరిగిన రెండు మూడేళ్ళకే కొండ దారి నీళ్ళ సీసాలతో నిండింది. ఇది మన ఒక్కరి సమస్య కాదు. ఒక సినిమాతో పేరుపడ్డ థాయ్‌లాండ్ మాయా బే తీరాన్ని పగడపు దిబ్బలు చచ్చిపోతున్నాయని 2018లో మూసి, 2022 జనవరిలోగాని తెరవలేదు. పలావు అనే చిన్న ద్వీప దేశం 2017 నుంచి వచ్చినవాళ్ళ పాస్‌పోర్టు మీదే ప్రమాణం ముద్రించి, మీ పిల్లల కోసం ఈ నేలను కాపాడతానని సంతకం చేయిస్తోంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌కు ఈ-పాస్ తప్పనిసరి అయింది. డిసెంబరులో అనంతగిరి ఘాట్ మీద కార్లు గంటలకొద్దీ నిలిచిపోవడం చూసినవాళ్ళకు, అరకుకు కూడా ఒక లెక్క కావాలని అనిపించక మానదు. ఒక్క రోజులో ఎన్ని బళ్ళు, ఎంత చెత్త, ఎంత నీరు అని ఎవరో ఒకరు కొలవాలి. అలాంటి పరిమితి ఉండాలని కోరుకునేవాణ్ణి నేను.

కాశీకి వెళ్తూ రాసుకున్నాడు

వెళ్ళే దారిని గమనిస్తూ వెళ్ళడం మనకు కొత్త కాదు. మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో బయలుదేరి, వంద మంది పరివారంతో కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో ఊళ్ళు, నీళ్ళ వసతి, బాటల తీరు, జనం అలవాట్లు రోజూ రాసుకున్నాడు. స్వదేశాన్ని ముందు చూడండని ప్రభుత్వం 2020లో 'దేఖో అప్నా దేశ్' మొదలుపెట్టడానికి దాదాపు రెండు శతాబ్దాల ముందటి మాట ఇది.

పక్షుల్ని ఇంటి చుట్టాలుగా చూసే ఊరు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా చలికాలం ముందు పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. ఇళ్ళ పక్క చింతచెట్ల మీదే గూళ్ళు. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు. అవి రావడం శుభమని ఊరివాళ్ళ నమ్మకం, ఎవరూ రాయి విసరరు. దూరదర్శినితో చూడండి, చెట్టు కిందకు వెళ్ళి చప్పట్లు కొట్టి ఎగరగొట్టకండి. ఎండలో తల్లి లేచిపోతే పిల్లలు వడదెబ్బకు చస్తాయి.

గాజువాక దాటితే

మల్కాపురం నుంచి గాజువాక మీదుగా అచ్యుతాపురం వైపు వెళ్తే కొండకర్ల ఆవ. మంచినీటి సరస్సు, తామరలు, బాతులు, నీటికోళ్ళు. రెండు తాటి బోదెలు కలిపి కట్టిన దోనెల్లో ఊరివాళ్ళే తిప్పుతారు. మోటారు చప్పుడు లేదు, నూనె తెట్టు లేదు. ఈ పడవ విహారానికి నగరంలో ఏ మరపడవా సాటిరాదు.

ఇంకా ముందుకు, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్కతో రంగులద్దే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలి మొక్క, గింజల నుంచి రంగులు తీసే పద్ధతిని తిరిగి నిలబెట్టిన సీవీ రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ. మెత్తని అంకుడు కర్ర చుట్టుపక్కల అడవుల్లో తగ్గిపోతూ ఉండటంతో చేతివృత్తి వాళ్ళు, అటవీ శాఖ ఆ చెట్లను నాటే పనిలో పడ్డారు. చెట్టు కొమ్మలు నరికినా మళ్ళీ చిగురిస్తుంది, మొదలు తీసేస్తేనే నష్టం. కొనేటప్పుడు దుకాణంలో కాదు, బొమ్మలు చేసే ఇంటి అరుగు మీదే కొనండి. బొమ్మ తయారయ్యేది కళ్ళారా చూడొచ్చు, ధర కూడా వాళ్ళే చెబుతారు.